ఇటుక బట్టీకి వచ్చిన ఒడిశా కుటుంబాలకు బియ్యం, టీకాలు, బడి అందించడం ఎలా

కొత్త పంట పండుగ నువాఖాయి అయ్యాక పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపాడా, కలహండి, బర్గఢ్ జిల్లాల ఊళ్లలో సర్దార్లు, అంటే బట్టీలకు కూలీలను కుదిర్చే దళారులు, అడ్వాన్సులు పంచుతారు. అక్టోబరు, నవంబరు నెలల్లో కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కిన కుటుంబాలు తెలంగాణలోని రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాల్లోని ఇటుక బట్టీల దగ్గర దిగుతాయి. వానలు మొదలయ్యేలోపు, మే నెలాఖరుకో జూన్ మొదట్లోనో తిరిగి వెళ్లిపోతాయి. మధ్యలో దొరికేది ఏడు నెలలే. ఊళ్లో టీచరో, ఆశా కార్యకర్తో, పంచాయతీ కార్యదర్శో, సంఘం సభ్యులో ఎవరు సాయానికి పూనుకున్నా, ఏ పని ముందు చేయాలి, ఏది అసలు ముట్టుకోకూడదు అన్నది తెలిస్తేనే ఆ ఏడు నెలలు అక్కరకొస్తాయి.

ముట్టుకోకూడనిది మొదట చెప్పుకుందాం. కొత్త రేషన్ కార్డుకు ఇక్కడ దరఖాస్తు పెట్టించకండి. ఆధార్‌లో చిరునామా బట్టీకి మార్పించకండి. మంచి మనసుతో చేసే సాయాల్లో ఎక్కువ నష్టం తెచ్చేవి ఈ రెండే. ఒక మనిషి పేరు ఒక్క కార్డులోనే ఉండాలి. ఇక్కడ ఎక్కించాలంటే అక్కడ తీసేయాలి. తీసేస్తే ఊళ్లో ఉండిపోయిన ముసలివాళ్ల కార్డులో కోటా తగ్గుతుంది. ఇక్కడి దరఖాస్తు విచారణకు వచ్చేసరికి కుటుంబం బట్టీ ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటుంది. వాళ్ల పింఛను, ఇల్లు, పిల్లల స్కాలర్‌షిప్ అన్నీ ఒడిశా చిరునామాతోనే ముడిపడి ఉన్నాయి. మన పని కొత్త కాగితాలు పుట్టించడం కాదు, చేతిలో ఉన్నవాటిని ఇక్కడ పనిచేయించడం.

బట్టీలోకి ఎప్పుడు, ఎవరితో వెళ్లాలి

ఇటుక పోత తెల్లవారక ముందే మొదలవుతుంది. ఎండ ముదిరాక పడుకుంటారు. పొద్దున పది గంటలకు రిజిస్టరు పట్టుకుని వెళితే మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. వారం ఖర్చు డబ్బులు ఇచ్చే రోజున అందరూ అంగడికి పోతారు, ఆ రోజు వద్దు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. అంగన్‌వాడీ టీచర్, ఆశా, ప్రధానోపాధ్యాయుడు, వీళ్లలో ఒకరు పక్కన ఉంటే యజమాని గేటు దగ్గర ఆపడానికి వెనకాడతాడు. పిల్లల బడి కోసం, టీకాల కోసం వచ్చామని చెప్పండి. కూలి రేట్ల సంగతి, అడ్వాన్సు సంగతి ఆ రోజు ఎత్తకండి. ఎత్తితే రెండోసారి లోపలికి రానివ్వరు.

భాష దగ్గర ఒక జాగ్రత్త. మగవాళ్లకు హిందీ కొంత వస్తుంది. ఆడవాళ్లలో చాలామందికి కోసలి, అంటే సంబల్‌పురి ఒడియా తప్ప వేరేది రాదు. దాదా, దీదీ అని పిలవండి. ‘పిలా’ అంటే బిడ్డ, ‘జర’ అంటే జ్వరం, ‘రేషన్ కార్డు అఛి కి’ అంటే కార్డు ఉందా అని. ఆ మాత్రం చాలు మొహాలు విప్పారడానికి. రెండేళ్లుగా వస్తున్న పిల్లలకు తెలుగు వచ్చేసి ఉంటుంది కాబట్టి వాళ్లనే దుబాసీలుగా పెట్టుకోవాలనిపిస్తుంది. బడి విషయాలకు ఫరవాలేదు. తల్లి గర్భం గురించో, తండ్రి బాకీ గురించో పదేళ్ల పిల్ల నోట అడిగించకూడదు. సర్దార్‌తోనూ అడిగించకూడదు, అతను తనకు కావలసిందే చెబుతాడు.

ఒక్కో గుడిసెకు నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టండి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో, ఊరు, బ్లాకు, జిల్లా, పిల్లల వయసు, చివరగా చదివిన తరగతి, బడి పేరు, గర్భిణి ఉంటే ఎన్నో నెల, రేషన్ కార్డు నంబరు, ఆ కార్డులో పేరుండి ఊళ్లో ఉండిపోయినవాళ్లు ఎవరు. ఆధార్ కార్డులు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అనే అలవాటు మానుకోవాలి. ఆ ఫొటోలు ఎక్కడెక్కడ తిరుగుతాయో ఎవరి అదుపులోనూ ఉండదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, మీక్కూడా చెప్పొద్దని మొదటి రోజే చెప్పండి.

బియ్యం

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానం కింద మొదటి ప్రయోగం 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య, గుజరాత్, మహారాష్ట్ర మధ్య జరిగింది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. ఒడిశా కార్డుతో ఇక్కడి ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు. 2023 జనవరి నుంచి ఈ బియ్యం ఉచితం. కార్డు కాగితం చేతిలో ఉండనక్కర్లేదు. కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ ఉంటే చాలు.

డీలర్ ఈపాస్ మిషన్‌లో నంబరు కొడతాడు, కార్డులోని పేర్లు వస్తాయి, వచ్చిన మనిషి పేరు ఎంచుకుని వేలు పెట్టిస్తాడు, మిగిలిన కోటా తెర మీద కనిపిస్తుంది. ఐదు నిమిషాల పని. ఇది ఆగిపోయేది నాలుగైదు చోట్ల, ఆ చోట్లు తెలిస్తే చాలావరకు దారి ఉంటుంది.

ఒకటి, కార్డు రకం. ఒడిశాలో జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డులున్నాయి, రాష్ట్రం తన సొంత పథకం కింద ఇచ్చినవీ ఉన్నాయి. మొదటి రకమే రాష్ట్రం దాటి పనిచేస్తుంది. రెండో రకం కార్డు పట్టుకుని షాపుల చుట్టూ తిప్పకండి. మేరా రేషన్ యాప్‌లో నంబరు కొట్టి ముందే చూసుకోండి, లేదా 14445కు ఫోన్ చేసి అడగండి.

రెండు, ఊళ్లో అప్పటికే తీసేసుకోవడం. కోటా కార్డుకు ఒకటే. ఐదుగురున్న కార్డుకు నెలకు 25 కిలోలు. ఊళ్లో అవ్వ మొత్తం తీసుకుంటే ఇక్కడ మిషన్ సున్నా చూపిస్తుంది. డీలర్ మోసం చేశాడని గొడవ మొదలవుతుంది. దీనికి పరిష్కారం ఫోనులోనే ఉంది. ఇక్కడ ముగ్గురున్నారు, 15 కిలోలు మేం తీసుకుంటాం, 10 కిలోలు మీరు తీసుకోండి అని ముందే మాట్లాడుకోవాలి. కోటాలో కొంత భాగమే తీసుకునే వీలు ఈ విధానంలో ఉంది. కొన్నిసార్లు రెండు మూడు నెలల బియ్యం ఒకేసారి ఇస్తారు. 2025 జూన్‌లో వానాకాలానికని మూడు నెలలవి ఒకేసారి ఇచ్చారు. అలాంటప్పుడు ఊళ్లోవాళ్లు మొత్తం ఎత్తేసుకుంటే ఇక్కడ మూడు నెలలూ ఖాళీయే.

మూడు, వేలిముద్రలు. మట్టి పిసికే చేతులకు ముద్రలు అరిగిపోతాయి, ముఖ్యంగా బొటనవేలు, చూపుడువేలు. సబ్బుతో కడుక్కుని, కొద్దిగా నూనె రాసి తుడుచుకుని, చిటికెన వేలితోనో ఉంగరపు వేలితోనో ప్రయత్నించాలి. అప్పటికీ పడకపోతే కనుపాప యంత్రం పెట్టమని అడగండి, తెలంగాణ షాపుల్లో అది ఉంటుంది. భర్త వేలు పడకపోతే భార్య వేలు పెట్టొచ్చు. కార్డులో పేరుండి ఆధార్ జోడించిన వారెవరి ముద్రైనా చెల్లుతుంది.

నాలుగు, ఈకేవైసీ. కార్డులో ప్రతి మనిషీ ఒకసారి వేలిముద్రతో ధ్రువీకరించుకోవాలి. చేయించుకోనివారి పేరు మీద బియ్యం ఆగిపోవచ్చు. దీనికోసం బలంగీర్ వెళ్లక్కర్లేదు, దేశంలో ఏ రేషన్ షాపులోనైనా ఉచితంగా చేస్తారు. బియ్యానికి వెళ్లిన రోజే అందరినీ తీసుకెళ్లి చేయించేయండి.

ఇక డీలర్ కాదనడం. ఇది మా కార్డు కాదు, స్టాకు లేదు అంటాడు. స్టాకు లేదన్న మాట నెల చివర్లో నిజమే కావచ్చు, అందుకే నెల మొదటి వారంలో వెళ్లాలి. ముప్పై మంది ఒకేసారి వెళ్లి నిలబడితే ఏ డీలరైనా బెదురుతాడు. ముందు రోజు చెప్పి, ఐదారు కుటుంబాల చొప్పున పంపండి. అప్పటికీ ఇవ్వనంటే తహసీల్దారు కార్యాలయంలో పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దారును కలవండి, లేదా 1967కు ఫిర్యాదు చేయండి. సాధారణంగా కలిసి చెబితేనే తేలిపోతుంది.

తెలంగాణ తన కార్డులవారికి మనిషికి 6 కిలోలు ఇస్తుంది. ఒడిశా కార్డుకు కేంద్రం కోటా 5 కిలోలే వస్తుంది, అంత్యోదయ కార్డైతే కుటుంబానికి 35 కిలోలు. పక్కింటి సంచితో పోల్చుకుని అనుమానపడకుండా ఈ ముక్క ముందే చెప్పాలి.

వంటగ్యాస్ సంగతి కూడా ఇక్కడే. చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు మాత్రమే చూపించి 5 కిలోల చిన్న సిలిండర్ కొనుక్కోవచ్చు. సబ్సిడీ ఉండదు. అయినా కట్టెల కోసం పిల్లలు పొలాలంట తిరగడం తగ్గుతుంది.

ఫోన్ నంబరు

వచ్చిన వారంలోనే చాలామంది ఇక్కడి సిమ్ కొంటారు, పాతది రీచార్జి లేక ఆగిపోతుంది. ఆధార్‌కు జోడించింది ఆ పాత నంబరే. ఆసుపత్రి కార్డు దగ్గర, బ్యాంకు దగ్గర ఓటీపీ దానికే పోతుంది. కాబట్టి పాత సిమ్‌ను తక్కువ రీచార్జితోనైనా బతికించుకోమని చెప్పండి. అది పోయి ఉంటే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి, 75 రూపాయలు కట్టి నంబరు మార్పించండి. ఇచ్చే నంబరు కుటుంబానిది కావాలి. సర్దార్‌ది, బట్టీ గుమాస్తాది, మీది కాకూడదు.

అంగన్‌వాడీ, టీకాలు

అంగన్‌వాడీలో పేరు రాయించుకోవడానికి స్థానికత రుజువు అక్కర్లేదు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు ఆ కేంద్రం పరిధిలో ఉంటే చాలు. చిక్కంతా పేర్లు నమోదుచేసే యాప్ పోషణ్ ట్రాకర్‌లో వస్తుంది. ఒడిశా కేంద్రంలో అప్పటికే పేరున్నందున ఇక్కడ కొత్తగా ఎక్కించబోతే తీసుకోదు. కొత్తగా ఎక్కించడం కాదు, వలస వచ్చినట్టు బదిలీ చేయించాలి. యాప్‌లో ఆ వీలుంది. టీచర్‌కు తెలియకపోతే సూపర్‌వైజర్‌ను అడగమనండి. తల్లి ఆధార్ నంబరు తప్పకుండా కావాలి.

బడికి పోవాల్సిన ఎనిమిదేళ్ల ఆడపిల్ల బట్టీలోనే ఎందుకు ఉండిపోతుందో చూస్తే, తొంభై పాళ్లు చంకలో తమ్ముడో చెల్లెలో ఉంటారు. చిన్నవాడికి అంగన్‌వాడీలో చోటు దొరికిన రోజే పెద్దపిల్ల బడి మొదలవుతుంది. అందుకే బడి కంటే అంగన్‌వాడీ పని ముందు పూర్తిచేయాలి. కేంద్రం దూరమైతే, మధ్యలో ఇటుక లారీల రోడ్డు ఉంటే, ఇద్దరు ముగ్గురు తల్లులు వంతులవారీగా దించి వచ్చేలా మాట్లాడండి.

టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. బట్టీ ఎక్కడుందో ఏఎన్ఎంకు చెప్పి ఆమె సూక్ష్మ ప్రణాళికలో, అంటే ఏ రోజు ఎక్కడ టీకాలు వేయాలో రాసుకునే పట్టికలో చేర్పించండి. తల్లీబిడ్డల కార్డు పోయిందంటే గాభరా అక్కర్లేదు, తల్లి ఫోన్ నంబరుతో ప్రభుత్వ టీకాల పోర్టల్ యూవిన్‌లో వెతకొచ్చు. అందులోనూ లేకపోతే వయసును బట్టి ఏఎన్ఎం నిర్ణయిస్తారు. పుట్టినప్పటి బీసీజీ పడిందో లేదో ఎడమ భుజం మీది మచ్చ చాలావరకు చెబుతుంది.

తల్లులు ఎక్కువగా భయపడేది వాయిదా దాటిపోయిందని, తిడతారని. ఒకటి తప్పినంత మాత్రాన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. 6, 10, 14 వారాలకు వేసే ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్‌ను ఏడాదిలోపు మొదలుపెట్టొచ్చు. తొమ్మిది నెలలకు వేయాల్సిన తట్టు, రుబెల్లా టీకా తప్పిపోతే ఐదేళ్ల లోపు వేయించుకోవచ్చు. కిక్కిరిసిన గుడిసెల్లో తట్టు ఒకరికొస్తే అందరికీ పాకుతుంది, కాబట్టి ముందు ఆ టీకా ఎవరికి పడలేదో లెక్క తీయండి. టీకా వేశాక జ్వరం రావచ్చని ముందుగానే చెప్పి, ఏఎన్ఎం ఇచ్చే పారాసిటమాల్ ఎంత వేయాలో చూపించాలి. చెప్పకపోతే తరువాతి బుధవారం ఒక్క తల్లీ బిడ్డను తీసుకురాదు.

బడి

2009 విద్యాహక్కు చట్టం ఇక్కడ గట్టి ఆధారం. వయసు రుజువు లేదని, టీసీ లేదని, ప్రవేశాల గడువు దాటిందని 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి. ఆధార్ లేకపోయినా చేర్చుకోవాలి.

హెడ్మాస్టర్లు వెనకాడేది చట్టం తెలియక కాదు. విద్యార్థుల వివరాలుండే దేశవ్యాప్త పోర్టల్ యూడైస్‌లో పిల్లవాడి పేరు ఒడిశా బడిలో ఉంటే ఇక్కడ ఎక్కదు. ఎక్కకపోతే పుస్తకాలు, మధ్యాహ్న భోజనం లెక్క కుదరదు. ఎక్కితే మే నెలలో వాళ్లు వెళ్లిపోయాక బడి మానేసినవాళ్ల జాబితాలో కనిపిస్తారు. ఈ భయం న్యాయమైనదే, అది తీర్చే పని మీరు చేయాలి. పాత బడికి ఫోన్ చేయించి పిల్లవాడి పెన్ నంబరు, అంటే ఆ పోర్టల్ ఇచ్చిన శాశ్వత సంఖ్య, కనుక్కోండి, అక్కడ పేరు విడుదల చేయమనండి. ఆ నంబరు, పుట్టిన తేదీ ఉంటే ఇక్కడి బడి పోర్టల్‌లోకి తెచ్చుకోగలదు. వెళ్లే ముందు ఇలాగే ఇక్కడ విడుదల చేయించాలి. ఈ లోపు పోర్టల్ పని పూర్తి కాలేదని పిల్లలను బయట నిలబెట్టకూడదు, హాజరు చేతిపుస్తకంలో వేసుకోవచ్చు.

ఒడియా చదువుతున్న మూడో తరగతి పిల్లవాణ్ని తెలుగు తరగతిలో కూర్చోబెడితే కూర్చుంటాడు, అంతే. పిల్లలు ఎక్కువగా ఉన్న బట్టీల దగ్గర సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద పని ప్రదేశ బడులు నడుస్తున్నాయి, ఒడియా వచ్చిన వాలంటీర్లు, ఒడియా పుస్తకాలతో. నవంబరులోనే పేర్లు, వయసులు, తరగతులతో జాబితా తయారుచేసి మండల విద్యాధికారికి ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. ఆలస్యమైతే మంజూరు సంక్రాంతి దాటుతుంది, అప్పటికి సగం కాలం పోయినట్టే.

కాన్పు, పుట్టిన సర్టిఫికెట్, ఆసుపత్రి

గర్భిణి ఉన్న ఇంటి పేజీ మీద ఎర్ర గీత గీసుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించి, కాన్పు ఏ నెలలో వస్తుందో లెక్క కట్టించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం ఏ రాష్ట్రం వారికైనా ఉచితం. పరీక్షలకు తీసుకెళ్లడానికి, ఇంటికి దించడానికి 102, నొప్పులు వస్తే 108. బట్టీలకు చిరునామా ఉండదు కాబట్టి దగ్గరి రోడ్డు గుర్తు, సర్వే నంబరు కాకుండా జనం పిలిచే పేరు ఒక చీటీ మీద తెలుగులో రాసి గుడిసెలో పెట్టండి. ఫోన్‌లో అడిగితే చదివి చెప్పడానికి సర్దారో పక్కవాళ్లో ఉంటారు.

బిడ్డ ఇక్కడ పుడితే నమోదు ఇక్కడే జరగాలి, ఒడిశాలో కాదు. 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజులు దాటితే అనుమతులు, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి బడిలో చేరడం మొదలు పాస్‌పోర్ట్ దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే రుజువు. పేరు పెట్టలేదని ఆగకండి. పేరు లేకుండా నమోదు చేసి, ఏడాదిలోపు ఉచితంగా చేర్చుకోవచ్చు. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాయించాలి. మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందుకు జరిపారంటే, ఆ తప్పు ఒడిశాలో దిద్దరు, మళ్లీ ఇక్కడికే రావాలి.

పెద్ద జబ్బు వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ కార్డు అడగండి. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది కాబట్టి అక్కడి కార్డు ఇక్కడ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. ఓపీకి, మందుల షాపు బిల్లుకు చెల్లదు. చేరేటప్పుడే ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో చూపించాలి. డబ్బు కట్టేశాక తిరిగి రాదు. ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో 14555లో తెలుస్తుంది. క్షయ మందులు వాడుతున్నవాళ్లు మాత్రలు ఊళ్లో వదిలేసి వస్తుంటారు. వాళ్లను క్షయ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో ఇక్కడికి బదిలీ చేయిస్తే మందులు ఆగవు.

అడ్వాన్సు, బాకీ

ఇది సేవల జాబితాలో ఉండదు, కానీ తప్పించుకోలేరు. ఎన్ని ఇటుకలు పోశారు, ఎంత ఖర్చు తీసుకున్నారు అన్నది ప్రతి వారం తమ సొంత పుస్తకంలో రాసుకునేలా, యజమాని పుస్తకం పేజీ ఫొటో తీసుకునేలా అలవాటు చేయండి. మే నెలలో లెక్క తేలనప్పుడు అదొక్కటే చేతిలో ఉంటుంది.

ఆధార్ కార్డులు యజమాని దగ్గరే ఉండటం, చావుకైనా ఊరికి వెళ్లనివ్వకపోవడం, బాకీ తీరేదాకా కదలొద్దనడం, కొట్టడం, ఇవి వెట్టిచాకిరీ లక్షణాలు. 1976 చట్టం ప్రకారం అడ్వాన్సు బాకీ చూపించి మనిషిని ఆపడం నేరం. యజమానితో మీరే వాదనకు దిగకండి, వీడియో తీసి పెట్టకండి. రాత్రికి రాత్రి ఆ కుటుంబాన్ని వేరే బట్టీకి మార్చేస్తారు. కలెక్టర్‌కు లేదా ఆర్డీవోకు పేర్లతో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, జిల్లా న్యాయసేవా సంస్థకు 15100లో చెప్పండి. తక్షణ ప్రమాదమైతే 112, పిల్లల విషయమైతే 1098. విడిపించాక ప్రతి మనిషికీ విడుదల పత్రం ఇప్పించుకోవడం మరవొద్దు. అది లేకుండా రైలెక్కిస్తే 30 వేల రూపాయల వరకు వచ్చే తక్షణ సాయం గానీ, సొంత జిల్లాలో పునరావాసం గానీ అందవు. వచ్చే నువాఖాయికి మళ్లీ అదే సర్దార్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

వెళ్లేటప్పుడు

ఏప్రిల్ నెలాఖరులోనే మొదలుపెట్టండి. బట్టీ ఎప్పుడు మూస్తారో ఒక్కరోజు ముందు గానీ తెలియదు. కుటుంబానికో ప్లాస్టిక్ కవరు ఇచ్చి అందులో టీకాలు నింపిన తల్లీబిడ్డల కార్డు, పిల్లల హాజరు పత్రం, పుట్టిన సర్టిఫికెట్, ఆసుపత్రి కాగితాలు పెట్టించండి. హాజరు పత్రం తెలుగులో రాసిస్తే బలంగీర్ హెడ్మాస్టర్‌కు అది చిత్తుకాగితంతో సమానం. ఇంగ్లీషులో, తేదీలతో, బడి ముద్రతో ఇప్పించండి. అంగన్‌వాడీ, యూడైస్, నిక్షయ్ మూడింట్లోనూ పేరు తిరుగు బదిలీకి పెట్టమని ఆయా చోట్ల చెప్పి రండి.

తల్లిదండ్రులు వలస వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు ఆ జిల్లాల్లో సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అవ్వాతాతలు లేని పిల్లలకూ అక్కడ చోటు ఉంటుంది. చాలా కుటుంబాలకు ఆ సంగతే తెలియదు. సర్దార్ అడ్వాన్సు ఇవ్వకముందే, సెప్టెంబరులో ఊరి బడి హెడ్మాస్టర్‌ను అడిగి పేరు రాయించాలని కవరు మీద ఇంగ్లీషులో రాసిపెట్టండి. ఆ నెల మొదటి వారంలో ఒక ఫోన్ చేసి గుర్తు చేయండి.